ఆకాశతీగకు ఫీడరును ఎన్నుకొను విధము



మన పాఠశాల మిద్దెమీది ఇనుపగొట్టమునుండి మైదానపు చివరనున్న చింతచెట్టువఱకు కట్టియున్న రాగితీగను మీరందఱును చూచియే యుందురు. దాని నడుమనుండి విజ్ఞానసంఘపు గదిలోనికి దిగు జంటతీగనుగూర్చి అడిగినవారు మాత్రము మిక్కిలి తక్కువ. పైనున్న తీగయే పనిచేయుననియు, క్రిందికి దిగు తీగ నూతిచేదకు కట్టిన త్రాడువంటిదే యనియు ఎల్లరును తలంతురు. మేమును మొదట నట్లే తలంచితిమి. ఆ తలంపు ఎట్లు తప్పో తెలిసికొనుటకు మాకు రెండు మాసములు పట్టినది. తల్లిదండ్రులకును, ఈ విద్య నభ్యసింపగోరు బాలబాలికలకును ఉపయోగపడునని, మేము నేర్చుకొన్న విషయమును ఇచ్చట క్రమముగా వ్రాయుచున్నాము.

1. ఈ విషయము మనకేల?

1977వ సంవత్సరము నవంబరు 19వ తేదీన దివిసీమను ముంచిన ఉప్పెననుగూర్చి మన పెద్దలు ఇప్పటికిని చెప్పుచుందురు. 2014వ సంవత్సరము అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును తాకినప్పుడు విద్యుత్తును, చేతిఫోనులును మూగవోయినవి. తీరప్రాంతమున నివసించు మనకు ఇట్టి దినములు మరల రావని ఎవరు చెప్పగలరు? అట్టి సమయమున ఒక బ్యాటరీ, ఒక చిన్న రేడియో యంత్రము, కొన్ని గజముల తీగ యున్నయెడల, పొరుగుజిల్లాకు వార్త పంపవచ్చును.

చేతిలో పట్టుకొను చిన్న రేడియోల తరంగములు ఇంచుమించు చూపుమేరవఱకే పోవును. తక్కువ పౌనఃపున్యముగల తరంగములు, అనగా 7, 3.5, 1.8 మెగాహెర్ట్జుల ప్రాంతమువి, అట్లుగాక నిట్టనిలువుగా మీదికి పోయి, అయనమండలముచే వంపబడి, మరల క్రిందికి దిగి, మూడునాలుగువందల కిలోమీటర్లలోపల నెల్లెడల పడును. పగటివేళ 7 మెగాహెర్ట్జుల తరంగము ఈ పనికి అనుకూలము. 3.5 మెగాహెర్ట్జుల తరంగమును పగలు అయనమండలపు అడుగుపొర మ్రింగివేయును. ఆ పొర సూర్యాస్తమయము పిమ్మట క్షీణించును గనుక రాత్రివేళ ఆ తరంగము చక్కగా పనిచేయును. బ్యాటరీశక్తి పరిమితమైనది. ఆ శక్తిలో నెంతభాగము ఆకాశమునకు చేరును, ఎంతభాగము త్రోవలోనే వేడిగా మాఱిపోవును అనునది ఫీడరుమీద ఆధారపడియుండును. ఈ పాఠమునకు ప్రయోజన మిదియే.

2. ద్విధ్రువ తీగ

అమెచ్యూరు రేడియోవారు తఱచుగా వాడు ఆకాశతీగ ద్విధ్రువము. ఇది అర్ధతరంగపు పొడవుగల తీగ. నడుమ ఖండించి, ఆ ఖండమునొద్ద ఫీడరును కలుపుదురు. 143ను మెగాహెర్ట్జుల సంఖ్యచే భాగించినచో తీగ పొడవు మీటర్లలో వచ్చును. 7.1 మెగాహెర్ట్జులకు ఇది ఇంచుమించు 20.1 మీటర్లు, 3.6 మెగాహెర్ట్జులకు 39.7 మీటర్లు, 1.84 మెగాహెర్ట్జులకు 77.7 మీటర్లు. మొదట కొంచెము పొడవుగా కత్తిరించి, పిదప కొలిచి తగ్గించుట మంచిది.

భూమికి మిక్కిలి దూరముననున్న ద్విధ్రువము నడిమిచోట 73 ఓముల అవరోధమును చూపును. భూమికి దగ్గఱైనకొలది ఈ సంఖ్య మాఱును. తరంగములో పావువంతు ఎత్తున 80 ఓములకు చేరువగా నుండును; అందులో సగము ఎత్తున 50 ఓముల చేరువకు దిగును. మన మిద్దె 10 మీటర్ల ఎత్తు. ఆ ఎత్తు 7 మెగాహెర్ట్జులకు పావుతరంగము, 3.5 మెగాహెర్ట్జులకు అందులో సగము. కావున ఒకే గొట్టమునకు కట్టిన రెండు తీగలు రెండు విధముల ప్రవర్తించుటలో వింతలేదు.

3. ఫీడరు స్వభావము

లావు త్రాటి కొనకు సన్నని త్రాడు ముడివేసి, సన్నని త్రాటి రెండవకొనను గోడమేకుకు కట్టి, లావు త్రాటిని చేతితో ఒక్కసారి ఊపిచూడుడు. అల ముడివఱకు పోయి, కొంతభాగము ముందుకు సాగును, కొంతభాగము వెనుకకు తిరుగును. రెండు త్రాళ్లును ఒక్కటే లావైనచో ముడియొద్ద వెనుకకు తిరుగునది యుండదు. ఫీడరునందలి విద్యుత్తరంగమును ఇట్టిదే. ప్రతి ఫీడరునకును స్వాభావిక అవరోధ మను గుణము గలదు. ఇది తీగ పొడవునుబట్టి యుండదు. తీగల లావునుబట్టియు, వానిమధ్య దూరమునుబట్టియు, నడుమనున్న పదార్థమునుబట్టియు నుండును.

గాలిలో సమాంతరముగా నడచు రెండు తీగలకు లెక్క యిది: తీగల మధ్యదూరమును రెట్టించి, తీగ వ్యాసముచే భాగించి, వచ్చినదాని సంవర్గమానమును (పది ఆధారముగా) 276చే హెచ్చింపవలెను. 2 మిల్లీమీటర్ల తీగలను 15 సెంటీమీటర్ల దూరమున నుంచినచో 600 ఓములు వచ్చును. ఇది తెఱపితీగ ఫీడరు. నడుమ నొక తీగయు, దానిచుట్టు ప్లాస్టిక్కును, దానిపై అల్లిన రాగితొడుగును గలది ఏకాక్షక కేబులు. ఇది సాధారణముగా 50 ఓములదిగానో 75 ఓములదిగానో లభించును.

ఫీడరు అవరోధమును, ఆకాశతీగ అవరోధమును సమానములు కానప్పుడు కొంత తరంగము వెనుకకు మరలును. పోవు తరంగమును, వచ్చు తరంగమును కలిసి ఫీడరుపై స్థిరతరంగములను కల్పించును. వాని హెచ్చుతగ్గుల నిష్పత్తిని స్థిరతరంగనిష్పత్తి యందురు. 50 ఓముల ఆకాశతీగను 75 ఓముల కేబులునకు కలిపినచో నిష్పత్తి 1.5. రెండును సమానమైనచో 1.

4. నష్ట మెచ్చట కలుగుచున్నది?

వెనుకకు మరలిన శక్తి యంతయు నష్టమని పలువురు భ్రమపడుదురు. ఇది సరికాదు. మరలివచ్చిన తరంగము యంత్రమునొద్దనున్న ట్యూనరు చేత తిరిగి పైకి పంపబడును. అయితే ఫీడరులో ప్రయాణముచేసిన ప్రతిసారియు తరంగము కొంత సుంకము చెల్లింపవలసియుండును. ఆ సుంకమే వేడి. సుంకము స్వల్పమైన త్రోవలో పదిసార్లు తిరిగినను మూట తఱుగదు. సుంకము హెచ్చయిన త్రోవలో నాలుగుసార్లు తిరిగినంతనే మూట ఖాళీయగును. వాల్టర్ మాక్స్‌వెల్ అను అమెరికా దేశపు ఇంజనీరు 1973వ సంవత్సరమునుండి క్యూ.ఎస్.టి. పత్రికలో వరుసగా వ్యాసములు వ్రాసి, ఈ భ్రమను తొలగింప యత్నించెను.

సుంకమును డెసిబెల్లులలో కొలుతురు. 1 డెసిబెల్ నష్టమనిన ఇంచుమించు అయిదవవంతు పోవుట. 3 డెసిబెల్లులనిన సగము పోవుట. 10 డెసిబెల్లులనిన పదింట తొమ్మిదివంతులు పోవుట.

30 మీటర్ల ఫీడరును, 3.6 మెగాహెర్ట్జులను, 100 వాట్లను, సమానమైన అవరోధములను లెక్కకు తీసికొందము. ఆర్.జి. 58 అను సన్నని కేబులులో ఇంచుమించు 83 వాట్లు పైకి చేరును. ఆర్.జి. 213 అను లావు కేబులులో 92 వాట్లు చేరును. తెఱపితీగలో 99 వాట్లు చేరును. అదే సన్నని కేబులులో 144 మెగాహెర్ట్జులను పంపినచో 25 వాట్లు మాత్రమే చేరును. కావున తక్కువ పౌనఃపున్యములు కేబులు విషయమున మిక్కిలి ఓర్పుగలవని తెలియుచున్నది. ఇంకొక మాట. లావు కేబులుపై నిష్పత్తి 2 అయినను, 92 వాట్లకు బదులు 90 వాట్లు చేరును. రెండు వాట్లకై చింతించి తీగను పదిమార్లు దింపనక్కఱలేదు.

5. మా పొరపాటు

ఇంతవఱకు చదివి, సన్నని కేబులే చాలునని మీరు తలంపవచ్చును. మేమును అట్లే తలంచి, 3.6 మెగాహెర్ట్జులకు సరిపడు 40 మీటర్ల ద్విధ్రువమును కట్టి, 30 మీటర్ల సన్నని కేబులును తగిలించితిమి. అనుమతిపత్రముగల మా ఉపాధ్యాయుడు రాత్రివేళ మాటలాడగా, దూరపు స్నేహితులు చక్కగా వినిరి. మాకు గర్వము కలిగెను. పగటివేళకు 7 మెగాహెర్ట్జులు కావలసియుండెను. వేఱొక తీగను కట్టుట కష్టమని, ఆ తీగనే ట్యూనరుతో సవరించి వాడితిమి. మాపకము ఒకటికి ఒకటి యని చూపెను. అయినను ప్రక్కజిల్లాలోని స్నేహితుడు, "మీరు యంత్రమును తెఱచితిరా, లేదా?" అని యడిగెను. రెండు మాసములు యంత్రమును నిందించితిమి, బ్యాటరీని మార్చితిమి, వాతావరణమును దూషించితిమి. తుదకు ఒక బాలిక కేబులును చేతితో తాకి, "అయ్యా, ఇది వెచ్చగా నున్నది" అనెను. అప్పుడు కాగితము తీసి లెక్కవేసితిమి.

40 మీటర్ల తీగ 7 మెగాహెర్ట్జులకు అర్ధతరంగము కాదు, పూర్ణతరంగము. అట్టి తీగ నడుమ అవరోధము కొన్నివేల ఓములుండును. 4000 ఓములని తీసికొన్నచో, 50 ఓముల కేబులుపై నిష్పత్తి 80. తరంగము మరల మరల సుంకము చెల్లించుచు తిరుగును. లెక్కప్రకారము 100 వాట్లలో పైకి చేరునవి 8 వాట్లు మాత్రమే. తక్కిన 92 వాట్లు కేబులును వెచ్చజేసినవి. మఱియొక మోసమును గమనింపుడు. వెనుకకు వచ్చు తరంగమును కేబులే మ్రింగుచుండుటచే, పైన 80గానున్న నిష్పత్తి క్రింద యంత్రమునొద్ద 7గా మాత్రమే కనబడును. నష్టము హెచ్చైనకొలది మాపకము తియ్యగా పలుకును! ట్యూనరు యంత్రమును తృప్తిపఱచునే కాని, కేబులుపైనున్న నిష్పత్తిని మార్పజాలదు.

తరువాతి సెలవులలో పి.వి.సి. గొట్టమును 15 సెంటీమీటర్లకు మించిన ముక్కలుగా కోసి, రెండు కొనలయొద్ద రంధ్రములు చేసి, 2 మిల్లీమీటర్ల రాగితీగలను వానిలో దూర్చి, 600 ఓముల తెఱపితీగను విద్యార్థులే తయారుచేసిరి. దీనిపై అదే ఆకాశతీగకు నిష్పత్తి 7కు లోపుగానే యుండును, త్రోవసుంకము అత్యల్పము. 100 వాట్లలో 90కి పైగా పైకి చేరును. ఆ ఉదయమున అదే స్నేహితుడు మా మాటను మొదటిసారి పూర్తిగా వినెను. యంత్రము మాఱలేదు, ఆకాశతీగ మాఱలేదు, ఎత్తు మాఱలేదు. మాఱినది త్రోవ మాత్రమే.

6. రెండు జాతుల గుణదోషములు

తెఱపితీగ ప్రాచీనమైనది, రెండవ ప్రపంచయుద్ధమునకు పూర్వము అమెచ్యూరులు సాధారణముగా దానినే వాడుచుండిరి. ఏకాక్షక కేబులు భావము సయితము క్రొత్తది కాదు. ఆలివర్ హెవిసైడ్ 1880లోనే ఇంగ్లండులో దానికి పేటెంటు పొందెను. యుద్ధానంతరము మిగిలిపోయిన కేబులు చౌకగా అంగళ్లకు వచ్చుటతో వాడుక మాఱెను. ఈ రెండింటిని కలిపిన ఏర్పాటులును గలవు. 1946లో లూయీ వార్నీ అను ఆంగ్లేయుడు 31.1 మీటర్ల తీగకు 10.36 మీటర్ల తెఱపితీగను తగిలించి రూపొందించిన ఆకాశతీగ, అతని సంకేతనామమైన జి. 5 ఆర్.వి. అను పేరున నేటికిని ప్రసిద్ధము. ఆ తెఱపితీగ పొడవు 14 మెగాహెర్ట్జులకు అర్ధతరంగము.

తెఱపితీగ నష్టమును తగ్గించును, చౌకయైనది, ఇంటనే చేసికొనవచ్చును. కాని దానిని గోడకు ఆనించి గాని, రేకుల కప్పుమీద గాని, నేలమీద గాని పఱవరాదు. లోహములకు తన వెడల్పునకు రెండుమూడురెట్ల దూరమున నుంచవలెను. రెండు తీగలు ఆకాశతీగకు సమముగా నడువవలెను. గాలికి ఊగును. కిటికీలోనుండి తెచ్చునప్పుడు శ్రద్ధ కావలెను. అంగడిలో దొరకు 450 ఓముల ప్లాస్టిక్కు నిచ్చెనతీగ కట్టుటకు సులభమే కాని, వానకు తడిసినప్పుడు దాని నష్టము హెచ్చును.

ఏకాక్షక కేబులును గోడవెంట నడపవచ్చును, ఇనుపగొట్టమునకు కట్టవచ్చును, భూమిలో పాతవచ్చును. కాని బరువు చూడవలెను. లావు కేబులు మీటరునకు సుమారు 150 గ్రాములు. 15 మీటర్లు వ్రేలాడినచో రెండు కిలోలకు పైగా తీగ నడుమను క్రిందికి లాగును. నడుమ ఆధారస్తంభ మున్నచో ఈ బాధ లేదు. పైకొనలో నీరు దూరినచో కేబులు పాడగును. బయటికి చక్కగా కనబడుచునే లోపల రాగి నల్లబడి, నష్టము ఏటేట హెచ్చును. కావున అతుకులను నీరుసోకకుండ బాగుగా మూయవలెను.

7. టెలివిజను కేబులు పనికివచ్చునా?

ఇది తఱచుగా వచ్చు ప్రశ్న. ఆర్.జి. 6 అను 75 ఓముల కేబులు ప్రతి ఊరను చౌకగా దొరకును. నిష్పత్తి 1.5 వచ్చినను అది బాధకము కాదు. కాని రెండు విషయములు గమనింపవలెను. మొదటిది: చాలవానిలో నడిమితీగ శుద్ధరాగి కాదు, ఉక్కుమీద పలుచని రాగిపూత. విద్యుత్తరంగము తీగ ఉపరితలమునందే నడచును. ఎక్కువ పౌనఃపున్యములకు ఆ పూతయే చాలును. 1.8 మెగాహెర్ట్జులకు తరంగము మిల్లీమీటరులో ఇరువదవవంతువఱకు లోతునకు దిగును. పూత అంతకంటె పలుచనైనచో ఉక్కులోనికి ప్రవేశించి నష్టపోవును. కావున చిన్న అయస్కాంతమును అంగడికి తీసికొనిపొండు. నడిమితీగ అంటుకొన్నచో అందు ఉక్కు గలదని తెలియును. రెండవది: తొడుగు అల్యూమినియము గనుక సోల్డరు అంటదు, దానికి తగిన కనెక్టరును నొక్కి బిగింపవలెను.

8. తొడుగు వెలుపలి ప్రవాహము

ద్విధ్రువపు రెండు భుజములును సమానములు. కేబులు రెండు వాహకములు అట్లు కావు. కావున కొంత ప్రవాహము తొడుగు వెలుపలి ముఖముమీదుగా క్రిందికి పాఱును. అప్పుడు కేబులే ఆకాశతీగలో భాగమై, గదిలోని దీపములనుండియు యంత్రములనుండియు రొదను గ్రహించును. పంపునప్పుడు మైకును తాకిన చేతికి చుఱుక్కుమనవచ్చును. దీనిని నివారించుటకు కేబులును ఫెర్రైటు కడియముగుండా పలుమార్లు చుట్టి, ఆకాశతీగ నడిమిచోట నుంచుదురు. తెఱపితీగ వాడువారు ఇట్టి చుట్టను గదియొద్ద, ట్యూనరు ప్రక్కన ఉంచుదురు.

9. ఎన్నిక

ఒక్క పౌనఃపున్యమునకే సరిపడు తీగ, ఫీడరు 30 మీటర్లలోపు, శక్తి 100 వాట్లలోపు అయినచో సన్నని కేబులు చాలును. అంతకు మించిన దూరమైనను, బ్యాటరీమీద నడుపు కొలదిశక్తి యంత్రమైనను లావు కేబులు మేలు. ఒకే తీగను పలు పౌనఃపున్యములకు వాడదలచినచో తెఱపితీగను మించినది లేదు. ట్యూనరు సవరింపలేకపోయినచో తెఱపితీగ పొడవును రెండు మీటర్లు మార్చి చూడవలెను. తెఱపితీగను నడుపుటకు వీలులేని ఇంట, ఒక్కొక్క పౌనఃపున్యమునకు ఒక్కొక్క తీగను కోసి, నడిమిచోట కలిపి, ఒకే కేబులునకు తగిలింపవచ్చును. ఏ ఫీడరునకు ఆ స్థలము గలదు. దానిని తెలియక ఒకదానినే పొగడుట గాని తెగడుట గాని తగదు.

10. జాగ్రత్తలు

విద్యుచ్ఛక్తి తీగలకు పైన గాని, క్రింద గాని, అవి తెగినచో తగులునంత దూరములో గాని ఆకాశతీగను ఎన్నడును కట్టరాదు. పెద్దలు లేనిదే మిద్దె నెక్కరాదు, చెట్టు నెక్కరాదు. ఉఱుములు వినబడకమునుపే, మబ్బు పట్టినప్పుడే ఫీడరును యంత్రమునుండి విడదీసి గదివెలుపల నుంచవలెను. 4000 ఓములచోట 100 వాట్లు 632 వోల్టులను కల్పించును. కావున తెఱపితీగ చేతికందని ఎత్తున నుండవలెను. ప్రభుత్వపరీక్షలో ఉత్తీర్ణులై అనుమతిపత్రము పొందనివారు ప్రసారము చేయరాదు.

11. అభ్యాసములు

(అ) 3.55 మెగాహెర్ట్జులకు ద్విధ్రువపు పొడవెంత?
(ఆ) 2 మిల్లీమీటర్ల తీగలను 5 సెంటీమీటర్ల దూరమున నుంచిన ఫీడరు స్వాభావిక అవరోధమెంత?
(ఇ) 10 వాట్ల బ్యాటరీ యంత్రమునకు 3.6 మెగాహెర్ట్జులయొద్ద 30 మీటర్ల సన్నని కేబులు వాడినచో పైకి చేరునవి ఎన్ని వాట్లు?

జవాబులు: (అ) 40.3 మీటర్లు. (ఆ) 469 ఓములు. (ఇ) 8.3 వాట్లు.

మొదట మీరే లెక్కవేసి, పిదప జవాబులు చూడుడు. సంఘపు గది ప్రతి శనివారము తెఱచియుండును. మేము వెచ్చబడిన ఆ పాత కేబులును పాఱవేయలేదు. గోడకు మేకుకొట్టి వ్రేలాడదీసితిమి. రెండు మాసములు మేము మాపకమునే చూచితిమి. ఒక బాలిక చేయిచాచి తాకి చూచెను. క్రొత్తగా చేరువారికి మేము మొదట చూపునది ఆ కేబులునే.